రెండున్నర నెలల బాబుకి పుట్టుకతో నీటికాసులు: ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా, ఏడాది నిండేదాకా ఆగొచ్చా?

రాజోలు దగ్గర నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. బాబుకి రెండున్నర నెలలు. పుట్టినప్పటి నుంచీ కళ్ళు పెద్దవి, ఎప్పుడూ నీళ్ళు కారుతుంటాయి, గుమ్మంలోకి తీసుకొస్తే మొహం తల్లి భుజంలో దాచేసుకుంటాడు. పదిహేను రోజులుగా కుడి నల్లగుడ్డు పొగ పట్టినట్టు నీలంగా కనిపిస్తోంది, ఎడమది ఇంకా తేటగానే ఉంది. కాకినాడలో చూపిస్తే పుట్టుకతో వచ్చిన గ్లకోమా, అంటే నీటికాసులు, అన్నారు, రెండు కళ్ళకీ ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యం వద్దన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో ఏడాది నిండనిమ్మంటున్నారు. చుక్కల మందుతో నెట్టుకురావచ్చా? రెండు కళ్ళూ ఒకేసారి చేస్తామంటే ఒప్పుకోవాలా? మాది మేనరికం, దానివల్లేనా? రెండో బిడ్డకీ వస్తుందా? ఇవీ ఆయన సందేహాలు.

నేను కంటి డాక్టర్ని. గోదావరికి ఇవతల ఒడ్డున, పశ్చిమ డెల్టాలో ఇరవయ్యేళ్ళు దాటింది ప్రాక్టీసు. గ్లకోమాలో ప్రత్యేకంగా శిక్షణ తీసుకున్నాను. పసిపిల్లల ఆపరేషన్లు కొన్ని నేనే చేశాను, ఎక్కువమందిని పెద్ద ఆసుపత్రులకి పంపి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇక్కడ చూసుకుంటూ వచ్చాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

సూటిగా జవాబు: ఏడాది కాదు, ఏడు వారాలు కూడా ఆగే జబ్బు కాదిది. బాబుకి జలుబు, దగ్గు లేకపోతే వారం పది రోజుల్లో ఆపరేషన్ అయిపోవాలి. చుక్కల మందు ఆ వారం పది రోజులు గడపడానికే. పెద్దవాళ్ళకొచ్చే నీటికాసుల్లో ముందు మందులు, అవి పనిచెయ్యకపోతే ఆపరేషన్. పసివాళ్ళకి ఇది తిరగబడుతుంది. ఆపరేషనే అసలు వైద్యం, మందులు దానికి తోడు.

ఎందుకంటే, మన డెల్టా వాళ్ళకి ఈ సంగతి చెప్పడం తేలిక. కాలువ నీరు చేలోకి వస్తుంది, మిగులు నీరు డ్రైనులోంచి పోతుంది. కంట్లోనూ నల్లగుడ్డు వెనకాల ఒక నీరు నిత్యం ఊరుతూ ఉంటుంది, ఒక మూల ఉన్న సన్నటి జల్లెడ గుండా చిన్న కాలువలోకి ఇంకి, రక్తంలో కలిసిపోతుంది. ఈ పిల్లలకి నీరు ఊరడంలో తేడా లేదు. ఆ జల్లెడే కడుపులో ఉండగా సరిగ్గా తయారవలేదు. డ్రైను తూముకి గుర్రపుడెక్క అడ్డం పడ్డట్టన్నమాట, నీరు నిలిచి కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. చుక్కల మందులు చేసేది పైనుంచి కాలువ నీరు తగ్గించడం. తూము దగ్గర అడ్డం అలాగే ఉంటే ఎన్నాళ్ళు తగ్గిస్తారు?

పైగా పసివాళ్ళకి మందులతో వేరే చిక్కులున్నాయి. పెద్దవాళ్ళకి అలవాటుగా రాసే బ్రిమోనిడిన్ చుక్కలు రెండేళ్ళలోపు పిల్లలకి వెయ్యనేకూడదు. బిడ్డ మగతలో పడిపోయి ఊపిరి మందగించవచ్చు. టిమోలాల్‌తో కూడా గుండె వేగం, ఊపిరి తగ్గే ప్రమాదం ఉంది, అందుకే తక్కువ మోతాదులో, జాగ్రత్తగా. డోర్జోలమైడ్ కొంత నయం. అసిటజోలమైడ్ మాత్రని పొడి చేసి బరువుని బట్టి లెక్కకట్టి ఇస్తాం, కానీ ఎక్కువ రోజులు వాడితే బిడ్డ పాలు సరిగ్గా తాగడు. మీ తాతగారికి రాసిన చుక్కలు ఇంట్లో ఉన్నాయి కదా అని బాబుకి వెయ్యకండి. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు, చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇక ఆ పెద్ద కళ్ళ సంగతి. పెద్దవాళ్ళ కన్ను గట్టి గోడ. లోపల ఒత్తిడి పెరిగితే గోడ కదలదు, ఆ దెబ్బంతా చూపు నరం మీద పడుతుంది. పసివాళ్ళ కన్ను దాదాపు మూడేళ్ళు వచ్చేదాకా మెత్తన. ఒత్తిడికి సాగుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ నల్లగుడ్డు అడ్డంగా కొలిస్తే 10 మిల్లీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. ఏడాదిలోపు 12 దాటిందంటే అనుమానించి తీరాలి. ఈ పిల్లల్లో 13, 14 చూస్తుంటాం. అంతలా సాగేసరికి దాని లోపలి పొర చీలుతుంది. ఆ చీలికల్లోంచి నీరు ఎక్కి నల్లగుడ్డు పొగబారుతుంది. మీరు కుడికంట్లో చూస్తున్న నీలం అదే. ఒత్తిడి తగ్గితే పొగ వారాల్లోనో నెలల్లోనో చాలావరకు విడుతుంది. చీలిక గీతలు మాత్రం జీవితాంతం ఉంటాయి, వాటివల్ల, కన్ను సాగడంవల్ల తర్వాత కళ్ళజోడు పవర్లు. సాగిన కన్ను మళ్ళీ చిన్నదవదు. అందుకే రోజులు లెక్కపెట్టేది.

కష్టం ఎక్కడుందంటే, మనవాళ్ళకి పెద్ద కళ్ళంటే మురిపెం. బారసాల నాడు వచ్చినవాళ్ళందరూ "ఎంతేసి కళ్ళండీ, కలువరేకులే" అంటారు. అమ్మమ్మ దిష్టిచుక్క పెట్టి, ఇంకాస్త పెద్దవవాలని కాటుక దిద్దుతుంది. నా దగ్గరికి వచ్చిన తల్లుల్లో సగంమంది మొదటి మాట, "మా మావగారి పోలికండీ డాక్టరుగారూ, ఆయనవీ ఇలాగే పెద్ద కళ్ళు." మావగారివి పెద్దవే కావచ్చు. ఆయన వెలుగు చూసి మొహం దాచుకోలేదు కదా. పెద్ద కన్ను ఒక్కటే అయినా ఒకసారి కొలిపించడం మంచిది. పెద్ద కన్ను, నీళ్ళు కారడం, వెలుగు ఓర్చుకోలేకపోవడం, ఈ మూడూ కలిస్తే అదే రోజు కంటి డాక్టరుకి చూపించాలి.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ప్రాక్టీసు మొదటి రోజుల్లో మొగల్తూరు వైపు నుంచి రెండు నెలల బాబుని తెచ్చారు. కళ్ళనీళ్ళు. పసివాళ్ళకి కన్నీటి గొట్టం మూసుకుపోయి నీళ్ళు కారడం చాలా మామూలు, ఏడాదిలోపు ఎక్కువమందికి దానంతటదే తెరుచుకుంటుంది. నేనూ అదే అనుకున్నాను. ముక్కు పక్కన వేలితో ఎలా మర్దనా చెయ్యాలో తల్లికి చూపించి పంపేశాను. గొట్టం మూసుకుపోతే పుసులు కడతాయి, రెప్పలు అంటుకుంటాయి. ఈ బాబుకి పుసులు లేవు, కారేది శుభ్రమైన నీరు. అది చూడలేదు. నల్లగుడ్డు కొలవలేదు. అయిదో నెలలో మళ్ళీ వచ్చారు. ఈసారి కొలిస్తే పదమూడున్నర. ఆ తల్లి నన్ను ఒక్కమాట అనలేదు, "మీరు చెప్పినట్టే రోజూ రాశానండి" అంది. అంతే. ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు ఆ కుర్రాడు ఎడమకంటితో చదువుతాడు, కుడికంటితో వేళ్ళు లెక్కపెట్టగలడు. అప్పటినుంచి నా కోటు జేబులో ఒక చిన్న ప్లాస్టిక్ స్కేలు ఉంటుంది. కళ్ళనీళ్ళతో వచ్చిన ఏ పసిబిడ్డనైనా కొలవకుండా పంపను.

మీకు చెప్పిన ఆపరేషన్ ఏమిటో ఇప్పుడు చెబుతాను, వెళ్ళేముందు తెలిసుంటే మంచిది.

ముందు బాబుకి పూర్తి మత్తు ఇచ్చి పరీక్ష చేస్తారు. ఒత్తిడి, నల్లగుడ్డు కొలత, కంటి పొడవు, కనబడితే లోపలి నరం. జబ్బు ఖాయమైతే చాలాచోట్ల అదే మత్తులో ఆపరేషన్ కూడా చేసేస్తారు. అందుకే సంతకాలు ముందే తీసుకుంటారు, కంగారు పడకండి.

ఆపరేషన్లలో మూడు రకాలు. మొదటిది గోనియాటమీ. లోపలినుంచి సన్నటి కత్తితో ఆ జల్లెడని గీయడం. 1940 ప్రాంతంలో అమెరికాలో ఓటో బార్కన్ అనే డాక్టరు దీన్ని దారికి తెచ్చారు. అంతవరకు ఈ పిల్లలు దాదాపు గుడ్డివాళ్ళయ్యేవారే. మంచి ఆపరేషన్, కానీ నల్లగుడ్డులోంచి లోపలికి స్పష్టంగా కనబడితేనే చెయ్యగలం. మన దగ్గర పిల్లలు వచ్చేసరికే పొగబారి ఉంటారు. రెండోది ట్రబెక్యులాటమీ. 1960లో వచ్చింది. బయటినుంచి ఆ చిన్న కాలువని వెతికి పట్టుకుని, అందులోంచి లోపలికి తెరవడం. నల్లగుడ్డు మసగ్గా ఉన్నా చెయ్యొచ్చు. మూడోది, మన దేశంలో ఎక్కువగా చేసేది, ట్రబెక్యులాటమీతోపాటు ట్రబెక్యులెక్టమీ కూడా కలిపి చెయ్యడం. పాత తూము తెరుస్తూనే పక్కన కొత్త తూము ఒకటి పెట్టడం. హైదరాబాదు ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ అనిల్ కుమార్ మండల్ ఈ పద్ధతిని మన పిల్లల్లో ఏళ్ళ తరబడి చేసి ఫలితాలు ప్రచురించారు. 2003లో శాస్త్రవేత్తలకిచ్చే భట్నాగర్ పురస్కారం కూడా అందుకున్నారు. మీ బాబుకి కుడికన్ను మసకబారింది కాబట్టి ఈ మూడోదే చెబుతారని నా అంచనా.

బల్ల మీద ఇది ఎంత సూక్ష్మమో చెప్పాలి. పైరెప్ప కింద తెల్లగుడ్డు మీద పల్చటి తలుపులాంటి పొర లేపుతాం. దాని కింద నీలిబూడిద రంగు పట్టీ, దాని వెనక తెలుపు. ఆ రెండూ కలిసేచోట ఉంటుంది కాలువ. మామూలు కంట్లో ఆ హద్దు గీసినట్టుంటుంది. సాగిన కంట్లో హద్దు చెదిరిపోతుంది, తెల్లగుడ్డు తడిసిన కాగితంలా ఉంటుంది. మైక్రోస్కోపు కింద ఒక్కో పోగు కోసుకుంటూ వెళతాం. కాలువ తెగగానే అడుగున ఒక చెమ్మ మెరుస్తుంది, ఒక్కోసారి రక్తపు చుక్క కలిసి. అది కనబడేదాకా గదిలో ఎవరూ మాట్లాడరు. వంపు తిరిగిన సన్నటి తీగలాంటి పనిముట్టుని కాలువలోకి దూర్చి, మెల్లగా లోపలివైపు తిప్పితే జల్లెడ విడుతుంది. కొద్దిగా రక్తం లోపలికి దిగుతుంది. మర్నాడు కట్టు విప్పినప్పుడు నల్లగుడ్డు అడుగున ఎర్రటి గీత కనిపిస్తే బెంబేలు పడకండి, సాధారణంగా కొద్ది రోజుల్లో కరిగిపోతుంది.

కాలువ దొరకని కళ్ళూ ఉంటాయి. అప్పుడు కొత్త తూముతో సరిపెడతాం. అందుకే మొదటి ఆపరేషన్ ఈ పని తరచూ చేసే చేతుల్లోనే జరగాలి. ఆ చోట ఒకసారి మచ్చ కట్టాక రెండో ప్రయత్నం మొదటిదంత సులువు కాదు. నేను కూడా కష్టమైన కళ్ళని పంపించేస్తాను, ఇందులో చిన్నతనం లేదు.

ఫలితం ఎలా ఉంటుందంటారా? మూడు నెలల నుంచి ఏడాదిలోపు బయటపడి, నల్లగుడ్డు మరీ చెడకుండా వచ్చినవాళ్ళలో నూటికి ఎనభై మందికి, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువమందికి, ఒకటి రెండు ఆపరేషన్లతో ఒత్తిడి అదుపులోకి వస్తుంది. పుట్టిననాడే పొగబారిన కళ్ళతో వచ్చేవాళ్ళది మొండి రకం. మీ బాబు ఆ రెండిటికీ మధ్యలో ఉన్నాడు. ఎడమకన్ను ఇంకా తేటగా ఉందంటున్నారు, అది మంచి సంగతి. ఇంకో మంచి సంగతి, పెద్దవాళ్ళలో దెబ్బతిన్న నరం తిరిగి రాదు గానీ, పసివాళ్ళలో ఒత్తిడి త్వరగా తగ్గిస్తే నరం మీద పడిన గుంట కొంత పూడుకోవడం కళ్ళారా చూస్తాం.

ఒకసారితో లొంగకపోతే దారి మూసుకుపోలేదు. మళ్ళీ చేస్తారు. లేదా కంట్లోంచి నీరు బయటికి తీసే చిన్న గొట్టం అమరుస్తారు. అహ్మద్ వాల్వు అని ఒకటుంది. మదురైలో ఆరోల్యాబ్ చేసే ఆడి అనే గొట్టం వచ్చాక ఖర్చు బాగా తగ్గింది. మరీ చివర్న, నీరు ఊరేచోటే లేజరుతో కొంత కాల్చి ఊట తగ్గిస్తారు.

రెండు కళ్ళూ ఒకేసారి అనేది చాలామందికి భయం. పెద్దవాళ్ళకి నేనూ చెయ్యను. పసివాళ్ళ లెక్క వేరు. రెండుసార్లు మత్తు ఇవ్వడంకంటే ఒకసారి ఇవ్వడం మేలు, పైగా రెండో కన్ను ఆగే వారాల్లో సాగుతూనే ఉంటుంది. ఒక కన్ను పూర్తయ్యాక చేతులు మళ్ళీ కడుక్కుని, గ్లోవ్స్, పనిముట్లు అన్నీ మార్చి, రెండోదాన్ని కొత్త కేసులా మొదలుపెడతారు. అలా చేస్తారా అని ఒక్కమాట అడగండి. అవునంటే ఒప్పుకోండి.

ఇక మత్తు. మీరు అడగలేదు గానీ, మీ పెద్దవాళ్ళ ‘ఏడాది నిండనీ’ వెనక ఉన్న భయం ఇదే. న్యాయమైన భయమే. రెండున్నర నెలల బిడ్డకి మత్తు ఇవ్వడం అందరి పనీ కాదు. ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు సర్జను పేరుతోపాటు పసిపిల్లలకి రోజూ మత్తు ఇచ్చే డాక్టరు ఉన్నారా, పిల్లల డాక్టరు అందుబాటులో ఉంటారా అని అడగండి. నన్నడిగితే అద్దాల మేడలకన్నా ఇది ముఖ్యం. ఎల్.వి.ప్రసాద్ వాళ్ళకి హైదరాబాదుతోపాటు విశాఖలోనూ, విజయవాడ పక్కన తాడిగడపలోనూ ఆసుపత్రులున్నాయి. మీకు ఏది దగ్గరో, ఎక్కడ మీవాళ్ళు ఉన్నారో చూసుకోండి. ఎందుకంటే ఒకసారి వెళ్ళి వచ్చే ప్రయాణం కాదిది. మొదటి ఏడాదిలోనే నాలుగైదుసార్లు మత్తులో పరీక్ష ఉండొచ్చు. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు, దాని కింద ఏమేం వస్తాయో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని ముందే అడిగి కాగితాలు పట్టుకెళ్ళండి.

ఆలస్యం ఎలా దొర్లుకొస్తుందో ఒకటి చెబుతాను. 2015 గోదావరి పుష్కరాల ముందు ఒక కుటుంబానికి వెంటనే వెళ్ళమని చీటీ రాసిచ్చాను. ఇంటినిండా చుట్టాలు, పుష్కరాలు అయ్యాక వెళతామన్నారు. ఎంతా, ఇరవై రోజులు. ఆ రద్దీలో, వానల్లో బిడ్డకి జలుబు పట్టింది. గొంతులో కఫంతో మత్తు ఇవ్వరు కదా, ఇంకో మూడు వారాలు వెనక్కి పోయింది. ఈలోగా ఒకరోజు పొద్దున్న లేచేసరికి బిడ్డ కన్ను తెల్లగా పాలు పోసినట్టుందని ఫోను. లోపలి పొర చీలిపోయింది. ఆ కంటికి తర్వాత ఎంత చేసినా మచ్చ మిగిలింది.

మరోపక్క సఖినేటిపల్లి నుంచి వచ్చే ఒక ఆడపిల్ల ఉంది. మూడో నెలలో ఆపరేషన్ అయింది. వాళ్ళ నాన్న కొబ్బరి దింపు పని చేస్తాడు. చెకప్ తేదీ ఒక్కటి తప్పలేదు, గోదావరి దాటించే పంటు ఆగిపోయిన రోజుల్లో చుట్టు తిరిగి వచ్చేవాడు. అన్ని చీటీలూ ఒక బట్టల కొట్టు కవర్లో, పాతది అడుగున, కొత్తది పైన. నేను కంప్యూటర్లో వెతికేలోపు ఆయన కాగితం తీసి ఇచ్చేవాడు. ఆ పాపకి మైనస్ పవరు కళ్ళజోడు ఉంది. బలహీనంగా ఉన్న కన్ను పనిచెయ్యడానికి మంచి కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ వేశాం. అది పెట్టినందుకు నామీద రెండేళ్ళు కోపంగా ఉంది. ఇప్పుడు హైస్కూలు, ముందు బెంచీలో కూర్చుని బోర్డు చూసి రాసుకుంటుంది. ఒత్తిడి అదుపులోకి రావడం సగం పనే. కళ్ళజోడు, ప్యాచ్ మిగతా సగం. చాలామంది ఆ సగం దగ్గరే వదిలేస్తారు. మధ్యమధ్య ఒత్తిడి చూడటానికి ప్రతిసారీ పెద్ద ఊరు పోనక్కర్లేదు. బిడ్డ పాలు తాగుతుండగానే చూసేసే చిన్న యంత్రాలు ఇప్పుడున్నాయి. దగ్గర్లో ఏ డాక్టరు దగ్గర ఉందో కనుక్కోండి.

మేనరికం గురించి. మీ ఆవిడని నిందించే మాటలు మొదలై ఉంటాయి, ముందు వాటిని ఆపండి. వంశపారంపర్యంగా వచ్చినప్పుడు ఈ జబ్బు ఎక్కువగా వచ్చే తీరు ఇది: తల్లి దగ్గర ఒక లోపమున్న జన్యువు, తండ్రి దగ్గర ఒకటి, ఇద్దరికీ ఏ జబ్బూ ఉండదు, బిడ్డకి రెండూ చేరితే వస్తుంది. 1997లో గుర్తించిన సీవైపీ1బీ1 అనే జన్యువు ఇందులో ముఖ్యమైనది. దగ్గరి రక్తంలో పెళ్ళిళ్ళయితే ఒకే లోపం ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం ఎక్కువ. పాశ్చాత్య దేశాల్లో సుమారు 10,000 కాన్పులకి ఒకటంటారు, మన ఆంధ్రలో 3,300కి ఒకటని లెక్క. మేనరికం కానివాళ్ళ పిల్లల్లోనూ చూశాను. జన్యువు చెరిసగం ఇద్దరిదీ, నేరం ఎవరిదీ కాదు.

మీ బాబుకి ఈ తీరులోనే వచ్చి ఉంటే, రెండో బిడ్డకి వచ్చే అవకాశం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకటి. ‘ఒకరికి వచ్చింది కదా, తర్వాత ముగ్గురికి రాదు’ అని కాదు దానర్థం, ప్రతిసారీ కొత్త చీటీయే. బాబు ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా జన్యు పరీక్ష గురించి అడగండి. రెండో బిడ్డ పుడితే మొదటి వారంలోనే నల్లగుడ్డు కొలిపించండి, కళ్ళు మామూలుగా కనిపిస్తున్నా సరే.

వెళ్ళేటప్పుడు బాబు పుట్టినప్పటి ఫోటోలు ఫోన్లో ఉంచుకోండి, కన్ను ఎప్పటినుంచి పెరిగిందో వాటిలో తెలుస్తుంది. ఆపరేషన్ రోజు ఇన్ని గంటలనుంచి పాలు ఆపాలని చెబుతారు, తల్లిపాలైతే మామూలుగా నాలుగు గంటలు, డబ్బాపాలైతే ఆరు. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తాడు. ఒకసారి మా దగ్గర అంతా సిద్ధమయ్యాక మత్తు డాక్టరు బిడ్డని ఎత్తుకుంటే మూతి దగ్గర పాల వాసన. ‘ఒక్క గుక్కేనండీ, గొంతు ఎండిపోతోందని’ అంది అమ్మమ్మ. కడుపులో పాలతో మత్తిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, ఆరోజు ఆపరేషన్ రద్దయింది. కాబట్టి పాలు ఆపే టైము మీ ఆవిడకి చెప్పి ఊరుకోకండి, బాబు దగ్గర ఎవరు కూర్చుంటే వాళ్ళకి కూడా చెప్పండి.